చున్నీ లేని కోర్టు

దసరా సెలవులకి మా అక్క పిల్లలిద్దరూ విశాఖపట్నం నుంచి నక్కపల్లి వచ్చారు. హైవే మీద బస్సు దిగి ఆటో ఎక్కేటప్పుడు బట్టల సంచీలు వెనకాల పడేసిన అక్క కొడుకు, ప్లేస్టేషన్ పెట్టెని మాత్రం చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాడికి పద్నాలుగేళ్ళు. ఇంటికి రాగానే అమ్మ సీరియల్ చూసే టీవీకి దాన్ని తగిలించేశాడు. ఆట పేరు ఎన్‌బీఏ 2కె25. అమెరికా బాస్కెట్‌బాల్ ఆట. వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న నాకు లోపల్నించి బూట్లు నేలమీద కీచుమనే చప్పుడు, జనం కేకలు వినిపించాయి. నిజం మాచ్ వస్తోందనుకున్నాను.

అమ్మ కూడా అలాగే అనుకుంది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కాసేపు నిలబడి చూసి, "ఆళ్ళకి అలుపు రాదేటే?" అని అడిగింది.

వాడు నవ్వాడు. "వస్తుంది అమ్మమ్మా. అదిగో, ఆ గీత తగ్గిపోతుంది కదా. అది అయిపోతే ఇంక పరిగెత్తలేడు."

"గీతకి కాదురా. మనిషికి రాదా అని," అంది అమ్మ. అనేసి పోపు మాడిపోతోందని లోపలికెళ్ళిపోయింది.

తెలుగు కథల్లో వాస్తవికత మీద ఆరేళ్ళు పనిచేసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని నేను. ఆ ఆరేళ్ళలో ఇంత సూటి ప్రశ్న నన్ను నేను ఒక్కసారీ వేసుకోలేదు. అలుపుని చూపించడం వేరు, అలిసిన మనిషిని చూపించడం వేరు. ఏ రచయిత ఎక్కడ మొదటిదానితో సరిపెట్టుకుంటాడో పట్టుకోవడమే కదా మన విమర్శ చేసే పని! ఆ రాత్రి పేపర్లు పక్కన పెట్టి, "నాకూ నేర్పరా," అని వాడి పక్కన చేరాను. పది రోజులు ఆడాను. ఈ వ్యాసం ఆ పదిరోజులది.

స్త్రీల పత్రికలో వీడియో గేమ్ గురించి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. సినిమాల మీద, సీరియళ్ళ మీద, పాఠ్యపుస్తకాల మీద, చివరికి సబ్బుల ప్రకటనల మీద కూడా మనం రాశాం. మన ఇళ్ళల్లో పిల్లలు రోజుకి రెండు గంటలు చూసే, చూడ్డమే కాదు చేత్తో నడిపే ఈ బొమ్మల ప్రపంచాన్ని మాత్రం 'మగపిల్లల గోల' అని తలుపేసేశాం. ఆ తలుపు వెనక ఏముందో తెలుసుకోకుండా వదిలెయ్యడం మనకి అలవాటు లేని పని. అదొక కారణం. రెండోది నా సొంత కారణం. అది ముందు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నేను చదువుకున్న బడిలో సిమెంటు కోర్టు ఉండేది. చెక్క బోర్డు, ఇనప రింగు, వల లేదు. ఉన్నది ఒక్కటే బంతి. 2003లో, ఎనిమిదో తరగతిలో, డ్రిల్లు పీరియడ్‌లో ఆడపిల్లలకి పదిహేను నిమిషాలు ఆ బంతి ఇచ్చేవారు. మగపిల్లలు ఒంటిచేత్తో వేసేవాళ్ళు. నేను రెండు చేతులతో, మోకాళ్ళ దగ్గర్నించి ఊపి, కడవ ఎత్తినట్టు ఎత్తి విసిరితే గాని రింగు దాకా వెళ్ళేది కాదు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. యూనిఫాం మీద చున్నీని వి ఆకారంలో మడిచి రెండు భుజాల దగ్గరా పిన్నులు పెట్టుకునేవాళ్ళం. చెయ్యి తల పైకి లేపితే పిన్ను గుచ్చుకునేది, లేకపోతే ఊడేది. అందుకని చెయ్యి పైకి లేపకుండా బంతి విసరడం ఎలాగో మేమందరం ఎవరికి వాళ్ళం కనిపెట్టుకున్నాం. తొమ్మిదో తరగతిలో పెద్దమనిషినయ్యాను. పది రోజుల తర్వాత బడికి వెళ్ళాను గాని కోర్టులోకి వెళ్ళలేదు. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. వెళ్ళమనీ ఎవరూ అనలేదు. నా చేతుల్లో బలం లేదనీ, ఆట నాకు రాదనీ నిశ్చయించుకుని ఆ కోర్టు పక్కనుంచే పది పాసయ్యాను.

ఇప్పుడు ఆట దగ్గరికి వస్తాను.

బాస్కెట్‌బాల్ వీడియో గేమ్‌కి వాస్తవికత అనే పిచ్చి చాలాకాలం నుంచీ ఉంది. 1983లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ జూలియస్ ఎర్వింగ్, లారీ బర్డ్ అనే ఇద్దరు నిజం ఆటగాళ్ళ పేర్లతో ఒక ఆట తెచ్చింది. ఒకరి మీద ఒకరు ఆడడమే. బొమ్మలు నాలుగు చుక్కలు కలిపినట్టు ఉంటాయి. అయినా అందులో అప్పటికే అలుపు ఉంది. గట్టిగా డంక్ చేస్తే అప్పుడప్పుడు గాజు బోర్డు పగిలిపోతుంది. అప్పుడొక మనిషి చీపురు పట్టుకొచ్చి, విసుక్కుంటూ ఆ గాజుపెంకులు ఊడ్చి వెళ్తాడు. ఆ ఆట ఆడిన తరం వాళ్ళు ఆటగాళ్ళ కంటే ఊడ్చే మనిషినే ముచ్చటగా గుర్తుచేసుకుంటారు. నాకది ఆశ్చర్యం అనిపించలేదు. ఒకరు గొప్పగా గెంతితే ఇంకొకరు ఊడవాలి. నలభై ఏళ్ళనాటి ఆ చిన్న బొమ్మలాటలో అన్నిటికంటే నిజం అదే. మా బడి కోర్టుని ఊడ్చే వంతు ఆడపిల్లలది, సోమవారం, గురువారం. ఆడే వంతుకి పట్టికలో రోజు లేదు.

1999లో 2కె వరుస మొదలైంది. అప్పట్నించి ఏటేటా వాస్తవం పెరుగుతూ వచ్చింది. ఆటగాళ్ళ ఒంటికి గుర్తులు అతికించి వాళ్ళ కదలికల్ని యంత్రంలోకి ఎక్కించారు. మొహాల్ని అచ్చుగుద్దారు. ఆట సాగేకొద్దీ మెడమీద చెమట మెరుస్తుంది. జడలు ఊగుతాయి. జెర్సీ గాలికి కదులుతుంది. ఇవన్నీ చూసి మా వాడు "సూపర్ కదా పిన్నీ!" అంటాడు. సూపరే. అయితే మన కథాసాహిత్యంలో కూడా ఇలాంటి వాస్తవికత ఒకటుంది. చీర రంగు, వీధి పేరు, అరుగు మీద తుంగచాప, అన్నీ కరెక్టుగా ఉంటాయి. ఆ చీరలోని మనిషి మాత్రం ఒక్కసారి కూడా నిజం మాట మాట్లాడదు. చెమటబొట్టు పెట్టినంత మాత్రాన మనిషి రాదు.

మరి ఆ ఆటలో నిజం ఎక్కడుంది? నాకు మూడోరోజుకి దొరికింది. అది కంటికి కనిపించేదాంట్లో కాదు, వేలికి తెలిసేదాంట్లో ఉంది.

బంతి వెయ్యాలంటే ఒక బటన్ నొక్కి పట్టుకుని సరైన క్షణంలో వదలాలి. ఆ క్షణం అందరికీ ఒకటి కాదు. ఒక్కొక్క ఆటగత్తె చెయ్యి పైకి లేచే వేగం వేరు, మణికట్టు విరిచే తీరు వేరు. ఆమె చేతిని చూసి, ఆమె లయ పట్టుకుని, ఆమెతోబాటు వదలాలి. ఎదుటివాళ్ళు మీదికొచ్చి చెయ్యి అడ్డం పెడితే ఆ క్షణం ఇంకా ఇరుకైపోతుంది. ఒంట్లో సత్తువ తగ్గితే మరీ కష్టం. తప్పితే తెరమీద చెబుతుంది, ముందుగా వదిలావనో, ఆలస్యంగా వదిలావనో, ఎదుటి మనిషి ఎంత అడ్డం వచ్చిందో. సరిగ్గా కుదిరితే ఆకుపచ్చగా ఒక మెరుపు.

నేను న్యూయార్క్ లిబర్టీ జట్టు తీసుకుని, సబ్రీనా అయోనెస్కు చేత ఎడమపక్క మూల నుంచి బంతులు వేయిస్తూ ఒక సాయంత్రమంతా గడిపాను. మొదటి ఇరవైలో రెండు పడ్డాయి. చివరి ఇరవైలో పదకొండు. మధ్యలో ఎక్కడో, నా బొటనవేలు ఆమె మణికట్టుతో మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఇంకోలా చెప్పడం నాకు చేతకావడం లేదు.

ఆనందం ఇక్కడే ఉంది. ఓడిపోవడంలో కూడా ఉంది, అది ఇంకా వింత. ఎందుకని ఆలోచించాను. బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో రాసిన 'ది గ్రాస్‌హాపర్' పుస్తకంలో, అవసరం లేని అడ్డంకుల్ని మనంతట మనం నెత్తికెత్తుకుని దాటబోవడమే ఆట అని వివరించాడు. ఇందులో 'మనంతట మనం' అన్నది చాలా పెద్దమాట. ఆడవాళ్ళ బతుకులో అడ్డంకులకి లోటు లేదు. మనంతట మనం ఎంచుకున్న అడ్డంకులకే కరువు. రెండోది, ఈ ఆటలో అడ్డంకి తన పేరు తను చెబుతుంది. 'ముందుగా వదిలావు' అంటుంది. 'ఆడపిల్ల చేతులు అంతే' అనదు. ముందుగా వదిలితే ఈసారి కొంచెం ఆగవచ్చు. ఆడపిల్ల చేతులైతే ఏం చేస్తాం?

తప్పు ఎక్కడుందో నిజాయితీగా చెప్పే ఆటే వాస్తవికమైన ఆట, అదే సరదా అయిన ఆట కూడా అని నాకనిపిస్తోంది. వాస్తవికతా, సరదా ఒకదానికొకటి ఎదురని, ఒకటి పెంచితే రెండోది తగ్గుతుందని ఆటల గురించి మాట్లాడేవాళ్ళు అంటూ ఉంటారు. పన్నెండు నిమిషాల క్వార్టర్లు నాలుగూ నిజంగా ఆడిస్తే పిల్లలకి విసుగేనన్నది ఒప్పుకుంటాను. మా వాడు దాన్ని ఐదు నిమిషాలకి కుదించేసుకున్నాడు. ఫౌళ్ళు ఎన్నిసార్లు పడాలో, అలుపు ఎంత త్వరగా రావాలో కూడా సెట్టింగుల్లో జరుపుకోవచ్చు. అంటే వాస్తవికత ఒక మీట. ఎవరికి కావలసినంత వాళ్ళు తిప్పుకుంటారు. కథకులూ ఈ పనే చేస్తారు. ఇరవై ఏళ్ళ కాపురాన్ని ఆరు పేజీలకి కుదించినవాళ్ళని మనం అబద్ధమాడారని అనం. కుదింపులో ఎవరి అలుపు ఎగిరిపోయిందో చూస్తాం. ఆటనీ అలాగే చూడాలి.

నిజాయితీ లేని ఆట ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1993లో మిడ్‌వే సంస్థ 'ఎన్‌బీఏ జామ్' తెచ్చింది. ఇద్దరిద్దరుగా ఆడతారు. ఇంటి కప్పంత ఎత్తు ఎగురుతారు. ఒకే మనిషి వరసగా మూడు వేస్తే బంతికి నిప్పంటుకుంటుంది. వాస్తవికత అణుమాత్రం లేదు, సరదా బోలెడు. దాన్ని తయారుచేసిన మార్క్ టర్మెల్ డెట్రాయిట్ పిస్టన్స్ అభిమాని. చికాగో బుల్స్ అంటే గిట్టదు. పిస్టన్స్‌తో హోరాహోరీగా సాగే ఆటలో ఆఖరి క్షణాల్లో బుల్స్ వేసే బంతులు తప్పిపోయేలా లోపల రాసిపెట్టానని తర్వాత ఆయనే చెప్పాడు. రూపాయి నాణెం లాంటి నాణేలు వేసి బుల్స్ తరఫున ఆడిన పిల్లలు ఎంతమంది ఆ ఆఖరి బంతి తప్పినందుకు తమ వేళ్ళనే తిట్టుకుని ఉంటారో! బంతి ఎగిరింది, రింగుకి తగిలింది, బయటికొచ్చింది. అంతా సహజంగానే కనిపించింది. లోపల రాసిన సంగతి వాళ్ళకి తెలియదు.

అది చదివినరోజు రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. నా ఆటలో కూడా లోపల రాసింది ఒకటుందని మరుసటిరోజు తెలిసింది. తెలిపింది మా వాడే. మహిళల జట్టుతో ఆడుతూ, "పిన్నీ, ఆడవాళ్ళ బాల్ చిన్నది తెలుసా?" అన్నాడు మామూలుగా. నాకు తెలియదు. వెతికి చూశాను. మగవాళ్ళ బంతి చుట్టుకొలత ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలు, ఏడో సైజు. ఆడవాళ్ళది ఇరవై ఎనిమిదిన్నర, ఆరో సైజు. బరువు కూడా తక్కువ. అమెరికాలో కాలేజీ అమ్మాయిలు 1984-85 నుంచి ఆ చిన్న బంతితోనే ఆడుతున్నారు. 1997లో డబ్ల్యూఎన్‌బీఏ పోటీలు మొదలైనప్పటి నుంచీ అక్కడా అదే. అందరికీ పన్నెండేళ్ళు దాటని పిల్లలకైతే ఇంకా చిన్నది, ఐదో సైజు.

మా బడిలో ఉన్న ఒక్క బంతీ ఏడో సైజు. దానిమీద అంకె ఉండేది, అరిగిపోయిన నల్లరంగులో. ఏడు అంటే ఏడో తరగతికి అని మేమనుకునేవాళ్ళం.

ఇరవై రెండేళ్ళు నా చేతులు చిన్నవనుకున్నాను. బంతి పెద్దదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని ఎవరూ కుట్రపన్నలేదు. వాళ్ళకీ తెలియదు. ఒక బంతి కొనడానికే బడికి డబ్బుల్లేవు. అయినా ఆ ఒక్క బంతీ ఎవరి చేతి కొలతకి కొన్నారన్నది ఉండనే ఉంది కదా!

అమెరికన్ స్త్రీవాద తత్వవేత్త ఐరిస్ మారియన్ యంగ్ 1980లో 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' అనే వ్యాసం రాసింది. ఆడపిల్లలు బంతి విసిరేటప్పుడు ఒళ్ళంతా వాడకుండా చేతితో మాత్రమే ఎందుకు విసురుతారు, తమ చుట్టూ ఉన్న జాగానంతా తమది అనుకోకుండా ఒక చిన్న గూట్లో ఉన్నట్టు ఎందుకు కదులుతారు అని అడిగింది. అది శరీర నిర్మాణం కాదనీ, 'నేను చెయ్యగలను' అనేదాన్ని 'నేను చెయ్యలేను' అనేది వెనక్కి లాగడమనీ, అది పెంపకంలో వస్తుందనీ వాదించింది. ఎం.ఫిల్.లో ఆ వ్యాసం నేను చదివాను. సెమినార్‌లో దానిమీద పత్రం కూడా సమర్పించాను. వోల్గా 'రాజకీయ కథలు' పక్కన పెట్టి శరీర రాజకీయాల గురించి ధాటిగా మాట్లాడాను. భుజం మీద పిన్నులు గుచ్చుకున్న సంగతి మాత్రం ఆ పత్రంలో ఒక్కచోట కూడా రాలేదు. అది సిద్ధాంతానికి తగిన ఉదాహరణ అని నాకే అనిపించలేదు!

మరి ఈ ఆటల్లోకి ఆడవాళ్ళు ఎప్పుడొచ్చారు? చాలా ఆలస్యంగా వచ్చారు. డబ్ల్యూఎన్‌బీఏ జట్లు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి 'ఎన్‌బీఏ లైవ్ 18'లో 2017లో చేరాయి. అంటే లీగ్ పుట్టిన ఇరవై ఏళ్ళకి. 2కె వరుసలోకి 2019లో, 2కె20తో వచ్చాయి. మన సొంత ఆటగత్తెను తయారుచేసుకుని ఆమె జీవితాన్ని నడిపించే భాగం 2020లో, కొత్త తరం యంత్రాల మీద వచ్చిన 2కె21లో మొదలైంది. కాండేస్ పార్కర్ 2021లో 2కె22 ప్రత్యేక సంచిక అట్టమీదికెక్కి, ఆ వరుసలో అట్ట మీద కనిపించిన మొదటి స్త్రీ అయింది.

సంతోషించాల్సిందే. అయితే 2కె21లో ఆ ఆటగత్తె బతుకెలాంటిదో చూడండి. మగ ఆటగాడిని తయారుచేసుకున్నవాడికి ఒక నగరమే ఉంది. వీధుల్లో తిరగొచ్చు, బట్టలు కొనుక్కోవచ్చు, మూలమూలనా ఉన్న కోర్టుల్లో ప్రపంచం నలుమూలల వాళ్ళతో పందెం కట్టి ఆడొచ్చు. ఆడ ఆటగత్తెకి మాచ్ ఉంది, ప్రాక్టీసు ఉంది, మాచ్ ఉంది. నగరంలోకి ప్రవేశం లేదు. ఈ ఏర్పాటు చేసినవాళ్ళకి ఏం కారణాలున్నాయో గాని, నాకు మాత్రం హాస్టల్ గేటు గుర్తొచ్చింది. కాలేజీకెళ్ళు, రూముకి రా. ఆరున్నర తర్వాత ఊరు నీది కాదు. వాస్తవికత కోసం ఇంత తంటాలు పడ్డ ఆటలో, అనుకోకుండా అచ్చుగుద్దినట్టు దిగిన వాస్తవం ఇదే!

ఇది కొత్తదీ కాదు. 1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటని కనిపెట్టిన మరుసటేడే సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయురాలు స్మిత్ కాలేజీ అమ్మాయిలకి దాన్ని నేర్పింది. అమ్మాయిలు మరీ అలిసిపోకూడదని, మోటుగా తయారవకూడదని కోర్టుని మూడు గదులుగా గీసింది. ఎవరి గది వాళ్ళదే, గీత దాటకూడదు. ఆమెని తప్పుపట్టడం తేలిక. ఆ గీతలు లేకపోతే ఆ రోజుల్లో అమ్మాయిల్ని అసలు ఆడనిచ్చేవారే కాదేమో. కోర్టుని విభజించి ఆడించే పద్ధతి అమెరికాలోని అయోవా రాష్ట్రం హైస్కూళ్ళలో 1993 దాకా మిగిలింది. అనుమతి కోసం గీసుకున్న గీత, అనుమతి వచ్చాక కూడా చెరిగిపోవడానికి వందేళ్ళు పట్టింది. దీన్ని మనం మన ఇళ్ళల్లో కూడా చూస్తూనే ఉన్నాం.

2025లో వచ్చిన 2కె26లో, తమకిష్టమైన ఆటగాళ్ళ కార్డులతో జట్టు కట్టుకునే భాగంలోకి స్త్రీలు కూడా వచ్చారు. ఆడా మగా ఒకే జట్టులో ఆడొచ్చు. ఇది వాస్తవికం కాదని అభ్యంతరం రావడం సహజం. మా వాడు కూడా "అలా జరగదు కదా పిన్నీ," అన్నాడు. వాడికి ఒక సంగతి చెప్పాను. 2024 ఫిబ్రవరిలో ఇండియానాపోలిస్‌లో అయోనెస్కు, స్టెఫెన్ కరీ ఇద్దరూ మూడు పాయింట్ల బంతుల పోటీ ఆడారు. ఆమె తన ఆరో సైజు బంతితో, మగవాళ్ళ గీత దగ్గర్నించే వేసింది. కరీకి 29, ఆమెకి 26. అదే రాత్రి మగవాళ్ళ పోటీ గెలిచిన డేమియన్ లిల్లార్డ్ ఆఖరి రౌండులో సాధించింది కూడా సరిగ్గా 26. వాడు కాసేపు ఆలోచించి, "అయితే బాల్ ఎవరిది వాళ్ళకిస్తే సరిపోతుందన్నమాట," అన్నాడు. మన సమానత్వ చర్చల్లో ఈ ఒక్క వాక్యం దగ్గరికి రావడానికి మాకు ఎన్ని సదస్సులు పట్టాయో వాడికి తెలియదు.

ఇక నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న. ఈ ఆటలో చున్నీ లేదు. పిన్ను లేదు. నెలసరి లేదు, 'ఇంక చాల్లే ఇంటికి రా' అనే పిలుపు లేదు. గేటు దగ్గర నిలబడి చూసే మగపిల్లలు లేరు. కోర్టులోకి రాకముందే ఆగిపోయిన అమ్మాయి అసలే లేదు. భారత మహిళల జట్టూ ఇందులో నాకు కనిపించలేదు. కేరళకి చెందిన గీతు అన్నా జోస్ 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ఎంపిక పరీక్షల దాకా వెళ్ళింది. ఆమె కథలాంటిది నడపడానికి ఇందులో దారి లేదు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో, తలమీద గుడ్డ తియ్యాలన్నందుకు ఖతార్ మహిళలు ఆడకుండానే వెళ్ళిపోయారు. అంతర్జాతీయ సమాఖ్య ఆ నియమాన్ని 2017లో మార్చింది. బట్ట కప్పుకోమనేవాళ్ళొకచోట, తియ్యమనేవాళ్ళొకచోట. ఆడదాని ఆట మొదలయ్యేది కోర్టు బయటే. కథ ఇలా ఉంటే, విమర్శకురాలిగా నేను 'ఈ ఆట అబద్ధం, ఇందులో స్త్రీల అసలు జీవితం లేదు' అని తీర్పు చెప్పి ముగించెయ్యాలి. నా సిద్ధాంత గ్రంథంలో ఎన్నో కథల మీద ఆ తీర్పే చెప్పాను.

చెప్పలేకపోతున్నాను. ఎందుకంటే ఆ పది రోజులూ నాకు సంతోషం కలిగించింది సరిగ్గా ఆ లేకపోవడమే. ఎవరో ఒకామె చెయ్యి పూర్తిగా తల పైకి లేస్తోంది. ఏదీ గుచ్చుకోవడం లేదు. ఆ చెయ్యి నా వేలు చెప్పినట్టు వింటోంది.

సి. తి న్గుయెన్ అనే తత్వవేత్త 2020లో వచ్చిన తన పుస్తకంలో ఆటల గురించి ఒక మంచి ఆలోచన చెప్పాడు. చిత్రకారుడికి రంగులెలాగో ఆట తయారుచేసేవాడికి ఆడేవాళ్ళ కర్తృత్వం అలాగట. కథ మనకి ఇంకొకరి కళ్ళిస్తుంది. ఆట ఇంకొకరి చెయ్యగలగడాన్ని ఇస్తుంది. అందుకని కథని అడిగిన ప్రశ్నే ఆటనీ అడిగితే కుదరదు. కథని 'నన్ను ఆపినదాన్ని చూపించావా?' అని అడగాలి. ఆటని 'నన్ను ఎవరిగా ఉండనిచ్చావు? ఆ ఉండడంలో మోసం లేదు కదా?' అని అడగాలి. ఈ రెండో ప్రశ్నకి ఈ ఆట సగం నిజాయితీగా జవాబు చెప్పింది. మణికట్టు ఇచ్చింది, నగరం ఇవ్వలేదు.

నక్కపల్లి ఆడపిల్లలకి ఇలాంటి ఆటలు కొత్తవేమీ కావు. మాకు దగ్గర్లోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన ఆ బొమ్మల్లో మేమందరం ఆడుకున్నవి లక్కపిడతలు. పొయ్యి, కుండ, గరిటె, తిరగలి. అందులో నిప్పు లేదు, పొగ లేదు, అన్నం ఇసక. వాస్తవికత చూస్తే సున్నా. కాని ఆ బుల్లి గరిటె మమ్మల్ని ఎవరిగా ఉండనిచ్చిందో తల్చుకుంటే, జీవితంలో అంత కచ్చితంగా నిజమైన ఆట ఇంకొకటి లేదు. ఆ కళాకారుల పనితనం మీద నాకు చెప్పలేనంత గౌరవం. ఇప్పటికీ నా బల్లమీద వాళ్ళ బొంగరం ఉంటుంది. పిడతలు ఎవరి చేతికిచ్చాం, బొంగరం ఎవరి చేతికిచ్చాం అన్నది మాత్రం బొమ్మ చేసినవాళ్ళ తప్పు కాదు, ఇచ్చినవాళ్ళది.

ఇక్కడే ఒకటి ఒప్పుకోవాలి. ఈ పది రోజులూ మేమిద్దరం ఆడుతుంటే అక్క కూతురు మా వెనకాల మంచం మీద కూర్చుని చూస్తూనే ఉంది. దానికి పదకొండేళ్ళు. అమ్మ అటకమీంచి దించి ఇచ్చిన నా పాత లక్కపిడతలు ముందరేసుకుని కూర్చుంది. స్త్రీవాదం మీద పేపర్లు సమర్పించే నాకు తొమ్మిదోరోజు దాకా దాని చేతికి రిమోట్ ఇవ్వాలని తోచలేదు. అది అడగనూ లేదు. దాన్ని వద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ ఎవరూ అనలేదు.

తొమ్మిదోరోజు ఇచ్చాను. అది ఆటలోకి వెళ్ళకుండా ప్రాక్టీసు కోర్టులో ఉండిపోయి, ఒక్కచోటినుంచే గంటసేపు బంతులు వేసింది. తప్పినప్పుడల్లా తెరమీద రాసింది పైకి చదివేది, "ముందుగా, ముందుగా, ఆలస్యం." దాని గొంతులో బాధ లేదు. లెక్క చేస్తున్నట్టు ఉంది. అమ్మ వచ్చి చూసింది. ఈసారి అలుపు సంగతి అడగలేదు. "మేం తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు గీత తొక్కితే అంతే, అవుటు. ఇది నయం. ఎందుకు పోయిందో చెప్తంది," అంది. నేను ఇన్ని పేజీల్లో చెప్పింది అంతే.

పిల్లలు వెళ్ళేరోజు నేనూ వాళ్ళతో విశాఖ వెళ్ళి, ఆటసామాన్ల కొట్లో బంతి అడిగాను. కొట్టతను అలవాటుగా ఏడో సైజు తీసి ఇచ్చాడు. "ఎవరికి మేడమ్, బాబుకా?" అన్నాడు. పాపకి ఐదు, నాకు ఆరు కావాలన్నాను. ఆరు వెనకాల గోడౌన్లో ఉందని తెప్పించాడు. అరగంట పట్టింది. దుమ్ము పట్టి, గాలి పోయి ఉంది. అక్కడే గాలి కొట్టించుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని నక్కపల్లి తెచ్చాను.

వారానికి రెండు సాయంత్రాలు వేస్తున్నాను. పిన్నులు లేవు. మోకాలు నొప్పెడుతోంది. ఎక్కువగా ముందుగానే వదిలేస్తున్నాను.